మంగళవారం చాటింపు

మా ఊళ్లో చాటింపు గొంతు నాది. ఇరవై మూడేళ్లుగా నాదే. పంచాయతీ ఆఫీసులో జిరాక్సు మిషను పక్కన మైకు ఉంటుంది. మీట నొక్కితే ముందు అర నిమిషం మా ప్రాంతపు సర్దానా నాట్యం బాణీ మోగుతుంది, ఆ తర్వాత నేను మాట్లాడతాను. చేపల వ్యాను వచ్చిందని, రేపు పై వీధికి నీళ్లు రావని, ఫలానా ఇంటి పెద్దాయన పోయాడు, నాలుగింటికి చర్చిలో ప్రార్థన ఉందని. చావు కబురుకీ చేపలకీ అదే పాట. మార్చమని ముగ్గురు మేయర్లకి చెప్పాను. ముగ్గురూ సరేనన్నారు. పాట అలాగే ఉంది.

నా పేరు రెమెయి. ఈ విలమార్గ ఊళ్లోనే పుట్టాను, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను, ఇక్కడే మొగుణ్ణి వదిలేశాను. మూడు కాగితాలూ నా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. ఉన్నమాటే. నోరు తెరవాల్సిన ఒక్క రోజు మాత్రం తెరవలేదు.

హెల్వి సెప్టెంబరు ఆఖర్న వచ్చింది. ఫిన్లండు మనిషి. అరవై ఆరేళ్లు, ద్వారబంధానికి తల తగిలేంత పొడుగు, తెల్లటి జుట్టు పిలక వేసుకుని ఉంది. వెంట తుప్పురంగు బొచ్చు కుక్క. కొత్తగా ఊళ్లో దిగినవాళ్లు నా దగ్గరికొచ్చి పేరు రాయించుకోవాలి. కుక్క ఉంటే దానికి వేరే రిజిస్టరు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని స్పానిష్‌లో అడిగాను.

"ఇద్దరం," అంది మాట వెతుక్కుని.

"రెండో ఆయన పాస్‌పోర్టు ఇవ్వండి."

ఆవిడ కుక్కవైపు చూసింది. కుక్క నావైపు చూసింది. నేను నవ్వబోయి ఆగాను, ఎందుకంటే ఆవిడ నవ్వడం లేదు.

వచ్చీరాని స్పానిష్‌లో ఆవిడ చెప్పింది ఇదీ. మొగుడి పేరు తౌనో. చలి దేశం వదిలి దక్షిణాదికి పోదామని ఇరవై ఏళ్లు అనుకున్నారు. మా ఊళ్లోని అంతెఫలాస్ కుటుంబం వాళ్ల పాత ఇల్లు ఫొటోల్లో చూసి ఆయనే ఎంచాడు. సంతకాలన్నీ అయ్యాక ఏప్రిల్లో ఒకరోజు పొయ్యిలోకి కట్టెలు కొడుతూ కూలబడిపోయాడు. ఇల్లు అమ్మేసి అక్కడే ఉండిపొమ్మని అందరూ అన్నారు. ఈవిడ వినలేదు. కుక్కని కారు వెనక కూర్చోబెట్టుకుని ఆరు రోజులు ఒక్కతే నడుపుకుంటూ వచ్చింది.

"రుస్కో ఆయన కుక్క," అంది. "నాది కాదు. తిండి నేను పెడతాను, అది చూసేది మాత్రం ఆయన కోసం. ఇప్పటికీ తలుపు చప్పుడైతే లేచి వెళ్తుంది."

రిజిస్టరులో రాశాను. పేరు రుస్కో, మగ, తొమ్మిదేళ్లు, మెడలో చిప్పు నంబరు ఇంత. ఆవిడ వంగి, ఆ నంబరు సరిగ్గా రాశానో లేదో తన కాగితంతో ఒక్కో అంకే సరిచూసుకుంది. తన పేరులో నేను చేసిన తప్పు మాత్రం పట్టించుకోలేదు.

దేశమంతటా స్పానిషే అయినా, మాలో మేం మా ప్రాంతపు భాషే మాట్లాడుకుంటాం. పరాయి మొహం కనబడిందంటే చాలు, వాక్యం మధ్యలో కూడా స్పానిష్‌లోకి దిగిపోతాం. ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటి నుంచి నాలుక దానంతటదే తిరుగుతుంది. మర్యాద అనుకుంటాం. రొట్టెల కొట్టావిడ రొజేర్ అయితే ఇంకా గట్టి మనిషి, గడప మీద హెల్వి నీడ పడగానే మార్చేసేది.

"మీరంతా నవ్వుకుంటూ ఉంటారు," అని హెల్వి ఒకరోజు నాతో అంది. "నేను రాగానే భాష మారుస్తారు. నవ్వు కూడా మారిపోతుంది. ఎక్కడికెళ్లినా నేను చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది."

"మర్యాద కోసమండీ."

"మర్యాద సరిపడా దొరికింది. మీ భాష నేర్పుతారా?"

"చూద్దాం," అన్నాను. మా ఆఫీసులో చూద్దాం అంటే ఏమిటో ఊరందరికీ తెలుసు. పాపం ఆవిడకి తెలియదు. నిజంగానే చూస్తానని కొన్నాళ్లు ఎదురుచూసింది.

మా ఆఫీసు ముందు చౌరస్తా, అందులో స్తంభానికి మైకు. చాటింపు మోగినప్పుడల్లా హెల్వి ఆ స్తంభం కింద నిలబడి, తల పక్కకి వాల్చి, చివరిదాకా వినేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తర్వాత నా కిటికీ దగ్గరకొచ్చి "ఏం చెప్పారు?" అని అడిగేది. చేపలనో, నీళ్లనో, చెత్తబండి అనో రెండు మాటల్లో చెప్పేదాన్ని.

"మీ గొంతు బావుంటుందండీ," అనేది. "ఏం చెప్పినా మంచి కబురులాగే ఉంటుంది."

ఆవిడ అలా మాట్లాడుతున్నంతసేపూ రుస్కో మా గుమ్మం రాయి మీద కాలెత్తేవాడు. రోజూ అదే రాయి. నేను రోజూ బకెట్టు నీళ్లు తెచ్చి పోసేదాన్ని. ఆవిడ ఎర్రబడిపోయి క్షమాపణ అడిగేది. వాడు అడిగేవాడు కాదు. జనవరిలో, పశువులకి ఆశీర్వాదం ఇచ్చే సాంత్ ఆంతొని పండగనాడు గుర్రాలతో, గాడిదలతో పాటు వాణ్ణి కూడా చర్చి ముందుకి తీసుకొచ్చింది. ఫాదరు గారు మంత్రజలం చల్లితే వాడు ఒళ్లు విదిలించి ఆయన తెల్లంగీ అంతా తడిపేశాడు. ఊరంతా నవ్వింది. హెల్వి నవ్వగా నేను చూడడం అదే మొదలు. రెమెయీ, నువ్వు ఈవిడకి నేర్పి ఉండాల్సింది అని ఆ పూట నాకు నిజంగా అనిపించింది. మర్నాటికి మర్చిపోయాను.

ఫిబ్రవరిలో ఆ మంగళవారం నా బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి చేపల వ్యాను. రెండోది అడవి శాఖ నుంచి వచ్చింది. ప్రతి ఏటిలాగే ఈ ఏడు కూడా పైన్ చెట్ల మీంచి బారు గొంగళిపురుగులు కిందికి దిగుతున్నాయి, కొండ చర్చి దారిలో ఎక్కువగా ఉన్నాయి, పిల్లల్నీ కుక్కల్నీ అటు తీసుకెళ్లవద్దు, వాటి నూగు తగిలితే ప్రాణానికే ప్రమాదం. మా ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకీ ఇది తెలుసు. ఒకదాని తోక పట్టుకుని ఒకటి బారులు తీరి నడుస్తాయి. వాటిని చూస్తే ఎంత పెద్దమనిషైనా పక్కకి తప్పుకుంటాడు. అయినా చదవాలి కాబట్టి చదివాను, రెండు సార్లు.

చదివి మీట ఆపేసరికి హెల్వి కిటికీ దగ్గర ఉంది. నా ముందు వేడినీటి బుగ్గల యాత్రకి పేర్లు రాయించుకునే ముసలివాళ్లు పదిమంది వరసలో ఉన్నారు. అందులో ఇద్దరికి చెవుడు. బయట రుస్కో అప్పుడే నేను కడిగిన రాయి మీద కాలెత్తుతున్నాడు.

"ఏం చెప్పారండీ?"

"చేపల వ్యాను వచ్చింది," అన్నాను.

"అంతేనా? ఈసారి చాలాసేపు చదివారు."

"అంతే."

పురుగులు అని స్పానిష్‌లో చెప్పాలి. ఏం పురుగులు అని అడుగుతుంది. బారులు తీరడం వేళ్లతో చూపించాలి. పైన్ చెట్టు, గూళ్లు, నూగు, నాలుక, ఇదంతా చెప్పేలోపు చెవిటి ముసలాయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. అదీగాక ఆవిడ రోజూ వెళ్లేది ఏటిగట్టుకి. మధ్యాహ్నం చెబుదాంలే అనుకున్నాను. ఇంతే జరిగింది. ఇంతకంటే మంచి కారణమేదైనా దొరుకుతుందేమోనని తర్వాత చాలా వెతికాను.

రాత్రి పడ్డ వానకి ఏటిగట్టు బురదయిందట. అందుకని ఆ రోజు కొండ దారి పట్టింది.

పన్నెండున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. హెల్వి రుస్కోని రెండు చేతుల మీద మోసుకొచ్చింది. ఇరవై కిలోల పైమాటే ఉంటాడు. వాడి నోట్లోంచి నురగ కారుతోంది, నాలుక ఉబ్బి బయటికి వచ్చేసింది, ముందుకాళ్లతో మూతిని గీరుకుంటున్నాడు. ఊళ్లో డాక్టరున్నాడు, ఫార్మసీ ఉంది. ఆవిడ మాత్రం నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఏమైందో తెలియడం లేదు," అంది. "చెట్ల కింద ఏదో వాసన చూశాడు. అంతే."

నాకు చూడగానే తెలిసింది. గోరువెచ్చని నీళ్లతో, చెయ్యి తగలకుండా, నోరు కడిగాను. వరసలో ఉన్నవాళ్లని గాలికి వదిలేసి కారు తీశాను. జిల్లా కేంద్రంలో ఉన్న పశువైద్యుడి దగ్గరికి అరగంట దారి. దారంతా హెల్వి వెనక సీట్లో వాడి తల ఒళ్లో పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడమంటే ఏమిటో ఆ అరగంటలో తెలిసింది.

డాక్టరు చిన్నవాడు, కోపిష్టి. సూదులు వేసి, గొట్టం పెట్టి, చేతి తొడుగులు విప్పుతూ నావైపు తిరిగి మా భాషలో అందుకున్నాడు.

"ఈ నెలలో కుక్కని పైన్ చెట్ల కిందికి ఎవరైనా తీసుకెళ్తారా? మీ ఊళ్లో చాటింపు వెయ్యలేదా?"

"వేశాం," అన్నాను.

"మరి ఈవిడ వినలేదా?"

హెల్వి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమంటున్నాడు?"

"దురదృష్టం అంటున్నాడు," అని స్పానిష్‌లో చెప్పాను.

మూడో రోజుకి నాలుక సగానికి పైగా నల్లబడి పోయింది. ఊపిరి ఆడడం లేదు. ఇంక ఉంచడం వాణ్ణి హింసపెట్టడమే అన్నాడు డాక్టరు. ఈసారి అతను స్పానిష్‌లో, మెల్లగా చెప్పాడు. హెల్వి ఇంటికెళ్లి తౌనో పాత ఉన్ని స్వెట్టరు తెచ్చి బల్లమీద పరిచింది. రుస్కోని దాని మీద పడుకోబెట్టారు. వాడు దాన్ని వాసన చూసి తోక ఒక్కసారి కదిపాడు. నేను గోడవైపు తిరిగిపోయాను.

"చివర్లో కూడా తలుపు వైపే చూశాడు," అంది తిరుగుదారిలో. "ఆ స్వెట్టరు పరచకుండా ఉండాల్సింది. ఆయన వస్తున్నాడనుకున్నాడు."

కారు పక్కకి ఆపేసి ఏడ్చాను. ఏడవాల్సింది ఆవిడ. కానీ ఆవిడే నా వీపు నిమిరింది.

"ఏడవకండి రెమెయి గారూ. మీరు చెయ్యగలిగిందంతా చేశారు. ఎవరికి మాత్రం ఏం తెలుసు? మా దేశంలో పైన్ చెట్టు ఎవరినీ ఏమీ చెయ్యదు. ఆ చెట్లు చూసి మా ఊరు గుర్తొచ్చి అటు నడిచాను."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. కారులో ఇద్దరమే ఉన్నాం, ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉంది. ఆ చెయ్యి తీసేస్తుందని భయపడి చెప్పలేదు.

వారం తర్వాత కుక్క పేరు కొట్టివేయించడానికి ఆఫీసుకి వచ్చింది. చిప్పు నంబరు ఈసారి చూడకుండానే చెప్పింది. ఫారంలో కారణం అని ఒక గడి ఉంటుంది. 'ప్రమాదం' అని రాశాను. ఆవిడ సంతకం పెట్టి, గుమ్మం రాయి దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటి వెళ్లింది. ఆ రాయి అప్పటికి వారం పైగా పొడిగా ఉంది.

ఊళ్లో మాట ఇంకోలా నడిచింది.

"చాటింపు విని కూడా తీసుకెళ్లిందట," అంది రొజేర్, రొట్టె కాగితంలో చుడుతూ. "ఈ బయటివాళ్లకి మనం చెప్పేది చెవికెక్కదు తల్లీ. మూగజీవం, దాని ఖర్మ."

కాదు రొజేర్, నేనే చెప్పలేదు అని అనడానికి రెండు సెకన్లు చాలు. రొట్టె తీసుకుని వచ్చేశాను. హెల్వి ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడని చూడగానే స్పానిష్‌లోకి తిరిగిపోయి వాతావరణం గురించి మాట్లాడేవాళ్లు. మా మర్యాద నన్ను కాపాడింది.

మార్చిలో నేనే ఆవిడ తలుపు తట్టాను.

"భాష నేర్పుతానన్నాను కదా," అన్నాను. "సోమవారం, గురువారం. ఐదింటికి మా వంటింట్లో."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా మంచితనానికి. ఆ చూపు తట్టుకోవడానికి ఏదైనా పని కావాలి కాబట్టి ఆమె పెరట్లో ఆరేసిన దుప్పటి మడతపెట్టాను.

ఏడాది పాటు ఒక్క పాఠం తప్పలేదు. మొదట టమాటా రుద్దిన రొట్టె తింటూ వంటింటి సామాను పేర్లు. తర్వాత చేపలు, చెట్లు, చుట్టరికాలు. తిట్లు కూడా నేర్పాను, అవి నాకు బాగా వచ్చు. హెల్వి మొండిది. ఒక మాట నాలుక తిరక్కపోతే దాన్ని పట్టుకుని సాయంత్రమంతా ఇంట్లో తిరిగేదట. ఎండాకాలానికి రొజేర్‌తో బేరాలాడింది. రొజేర్ అలవాటుగా స్పానిష్‌లోకి తిరగబోతే, "నాకు మర్యాద వద్దు, నిన్నటిలా మాడని రొట్టె కావాలి," అని మా భాషలో అంది. రొజేర్ కౌంటరు పట్టుకుని నవ్వి, ఆ రోజు నుంచి ఆవిడతో మా భాషే. శరదృతువులో నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. నేనూ అన్నాను.

"ఇంకో కుక్కని తెచ్చుకోరాదా?" అని ఒకసారి అడిగాను.

"తౌనో ఎంచింది కాదుగా," అంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు నేను.

నేను ఏ గొయ్యి తవ్వుకుంటున్నానో నవంబరు మొదట్లో మా చెస్ట్‌నట్ల పండగ అయ్యాక గాని తెలిసి రాలేదు. హెల్వి ఒక నీలం నోటుపుస్తకం కొనుక్కుంది. చాటింపు మోగగానే స్తంభం కింద బెంచీ మీద కూర్చుని, విన్నది విన్నట్టు అందులో రాసేది. గురువారం తెచ్చి దిద్దమనేది. మొదట్లో పది తప్పులు. క్రిస్మస్‌కి మూడు. జనవరిలో ఒక చావు కబురు ఒక్క తప్పు లేకుండా రాసుకొచ్చింది. బావుందని మెచ్చుకున్నాను. ఫిబ్రవరి కాగితం రావడానికి ఇంక నెల కూడా లేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో అడవి శాఖ కాగితం వచ్చింది. తారీఖు తప్ప ఒక్క అక్షరం మారలేదు.

నాలుగు రోజులు సొరుగులో దాచాను. మేయరు కిర్జాతో గొంతు బాగాలేదు, మీరు చదవండి అన్నాను. "నీ గొంతు బాగాలేకపోతే ఊరికి సెలవే, రెమెయీ," అని వెళ్లిపోయాడు. చదవకుండా వదిలేద్దామా అని కూడా అనుకున్నాను. ఊళ్లో డెబ్బై రెండు కుక్కలున్నాయి, రిజిస్టరు నా దగ్గరే ఉంది. ఇంకొకదాన్ని చంపలేను. ముందుగా నేనే చెప్పేస్తే, నా నోటితో, నా వంటింట్లో చెప్పేస్తే, అదొక్కటే దారి అనిపించింది. గురువారం చెప్పాలని నిశ్చయించుకున్నాను.

గురువారం ఆవిడ ఏలకుల బన్నులు చేసి తెచ్చింది, వాళ్ల దేశపువి. ఇంకా వేడిగా ఉన్నాయి.

"హెల్వీ, నీకొక మాట చెప్పాలి," అన్నాను.

"ముందు నేను చెబుతాను. రాత్రంతా కూర్చుని వాక్యాలు కూర్చుకున్నాను, మర్చిపోతాను." గొంతు సవరించుకుంది. "తౌనో పోయాక, రుస్కో పోయాక, తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. పెట్టె కూడా సర్దాను. అప్పుడు నువ్వొచ్చి తలుపు తట్టావు. ఈ ఊళ్లో నేను చుట్టాన్ని కాని ఇల్లు ఇదొక్కటే. తప్పులున్నాయా?"

"లేవు," అన్నాను.

"ఇప్పుడు నువ్వు చెప్పు."

"బన్నులు బావున్నాయి," అన్నాను.

మంగళవారం పదింటికి మీట నొక్కాను. సర్దానా బాణీ మోగుతుంటే కిటికీలోంచి చూశాను. హెల్వి బెంచీ మీద కూర్చుని, నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని, పెన్ను మూత తీసింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. ముందు చేపల వ్యాను చదివాను. తర్వాత రెండో కాగితం. 'ప్రతి ఏటిలాగే ఈ ఏడు కూడా' అన్నచోటి నుంచి కిటికీ వైపు చూడకుండా చివరిదాకా చదివాను. ఇరవై మూడేళ్లలో మొదటిసారి, అదంతా స్పానిష్‌లో కూడా చదివాను. ఏడాది ఆలస్యంగా.

మళ్లీ చూసేసరికి ఆవిడ పెన్ను ఆగి ఉంది. తర్వాత వంగి మిగతాది రాసింది. కిటికీ దగ్గరికి రాలేదు.

మంగళవారం పాఠం ఉండదు. అయినా సాయంత్రం ఐదింటికి తలుపు తట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. నోటుపుస్తకం తెరిచి చాటింపు మొత్తం నాకు చదివి వినిపించింది.

"తప్పులున్నాయా?"

"లేవు."

"'ప్రతి ఏటిలాగే' అన్నావు. అది కాగితంలో ఉందా, నువ్వు కలిపావా?"

"కాగితంలోనే ఉంది."

"పోయిన ఏడు కాగితంలో?"

"అప్పుడూ ఉంది."

"చదివావా?"

"చదివాను."

"ఏ రోజు?"

"ఆ రోజే, హెల్వీ. పొద్దున పదింటికి."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. లెక్క వేసుకుంటోందని తెలుస్తోంది.

"చేపల వ్యాను," అంది.

"అవును."

"అంతేనా అని అడిగాను నిన్ను."

"అడిగావు. విసుగేసింది. లైన్లో జనం ఉన్నారు, వాడు గుమ్మం తడిపాడు, చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. నువ్వు ఏటిగట్టుకే వెళ్తావనుకున్నాను. ఇంకేం లేదు. పగ లేదు, కోపం లేదు. ఉంటే బావుండేది."

"డాక్టరు దురదృష్టం అన్నాడన్నావు."

"అనలేదు. ఈవిడ చాటింపు వినలేదా అన్నాడు."

"కారులో నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాను."

నేను బల్ల అంచు గుడ్డతో తుడిచాను.

"ఎవరి తప్పూ కాదని నీతో అన్నాను," అంది మెల్లగా, ఒక్కొక్క మాటా సరిగ్గా పలుకుతూ. "నాతో నేను అనుకోలేకపోయాను. చెట్లు చూసి ముచ్చటపడి ఆయన కుక్కని నేనే చంపుకున్నానని ఏడాదంతా అనుకున్నాను. ప్రతి సోమవారం, ప్రతి గురువారం అది మనసులో పెట్టుకునే ఈ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని నాకు చేపల పేర్లు నేర్పావు."

"క్షమించు హెల్వీ. చెప్పాలనే అనుకున్నాను. నువ్వు రావడం మానేస్తావని భయపడ్డాను."

ఆవిడ నోటుపుస్తకం మూసింది. బన్నులు తెచ్చిన గిన్నె కడిగి బోర్లించి ఉంది, అది తీసుకుంది. గడప దగ్గర ఆగింది.

"బాగా నేర్పావు," అంది. "అన్నీ అర్థమయ్యాయి."

అందులో వెటకారం లేదు. ఆవిడకి వెటకారం నేనింకా నేర్పలేదు. తలుపు వేసుకుని నేల మీద కూర్చుండిపోయాను.

బుధవారం రాలేదు, గురువారం పాఠానికి రాలేదు. కుర్చీ లాగి, రొట్టెకి టమాటా రుద్ది, ఏడింటిదాకా కూర్చున్నాను. ఊరు వదిలి పోతుందేమోనని ఆమె వీధి చివర నిలబడి చూశాను. పెట్టెలేం సర్దడం లేదు. పెరట్లో ఉల్లికాడలకి మట్టి ఎగదోస్తోంది, నేను నేర్పినట్టే.

శుక్రవారం పొద్దున రొట్టెల కొట్టుకి వెళ్లేసరికి లోపల నవ్వులు వినిపించాయి. రొజేర్‌తో హెల్వి మా భాషలో మేయరు కిర్జా కొత్త టోపీ గురించి ఏదో అంటోంది. మంచి జోకే, సగం విన్నాను. నేను గడప దాటగానే ఆవిడ నావైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. స్పానిష్‌లో, ఒక్క తప్పు లేకుండా, నిదానంగా మాట్లాడింది.

"నమస్కారమండీ రెమెయి గారూ. మీరు ముందు తీసుకోండి, నాకు తొందరేం లేదు."

రొజేర్ చేతిలో రొట్టెతో అలాగే నిలబడిపోయింది.

"ఇదేంటి తల్లీ, మన రెమెయితో స్పానిష్ ఏంటి?"

హెల్వి ఆమెకి మా భాషలోనే జవాబు చెప్పింది.

"మర్యాద కోసం, రొజేర్."

నేను రొట్టె తీసుకున్నాను. స్పానిష్‌లోనే థాంక్సండీ అన్నాను. ఆఫీసుకొచ్చి గుమ్మం రాయి దాటి, కోటు తగిలించి, బల్ల ముందు కూర్చున్నాను. పదింటికి చేపల వ్యాను వచ్చింది. మీట నొక్కితే సర్దానా బాణీ మొదలైంది. కిటికీలోంచి చూస్తే హెల్వి రొట్టె చంకలో పెట్టుకుని చౌరస్తా దాటుతోంది. చేపల వ్యాను వచ్చిందని రెండు సార్లు చెప్పాను. ఆవిడ స్తంభం దగ్గర ఆగకుండా ఇంటికి వెళ్లిపోయింది.